పై మంచం నాలుగో మూల

ఎలాస్టిక్ దుప్పటంటే నాకు ఒళ్ళు మంట. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసిన పనికి ఇదే కారణమని చాలా రోజులు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను కాబట్టి, మీరూ ఒకసారి వినండి.

ఇరవై రెండేళ్ళుగా నేను లాండ్రీలో పనిచేస్తున్నాను. సందు మొగలో ఉండే ఇస్త్రీ కొట్టు కాదు, హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ వ్యాన్లలో మూటలు దిగే పెద్ద లాండ్రీ. మామూలు దుప్పటైతే ఇద్దరం చెరో కొసా పట్టుకుని ఆవిరి రోలరుకి అందిస్తాం. అటు పక్క కాగితంలా బయటికొస్తుంది, నాలుగు మడతలు పెడితే పని అయిపోయినట్టే. అదే పరుపుకి తొడగడానికి చుట్టూ ఎలాస్టిక్ కుట్టిన దుప్పటైతే రోలరు కింద ముద్దయి కూర్చుంటుంది. చేత్తో మడుద్దామంటే మూలలు ఎక్కడున్నాయో ఆ బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. పైగా వేడికి సాగి సాగి కొన్నాళ్ళకి జావగారిపోతుంది. మూటలో అలాంటిది ఒక్కటి కనిపించినా మా బల్ల దగ్గరి ఆడవాళ్ళు "నీ చుట్టం వచ్చింది, మర్యాద చెయ్యి" అని నా మీదికి విసిరేవాళ్ళు. నేను కస్సుమంటే వాళ్ళకదో కాలక్షేపం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు.

అప్పట్లో ఇంట్లో ఐదుగురం. నేను, మా మరిది, నా తోడికోడలు, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు. మా ఆయన పోయి ఆరేళ్ళయింది, నాకు పిల్లల్లేరు. ఆయన పోయిన వారానికి మరిది నా దగ్గరికొచ్చి, వదినా, నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆరేళ్ళు నిశ్చింతగా బతికేశాను.

మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడ ఎవరు ఇరుక్కుపోయినా చేతిలో ముద్ద వదిలి పరిగెత్తాల్సిందే. తోడికోడలిది రైల్వే స్టేషన్‌లో టికెట్ల కౌంటరు, ఒక వారం తెల్లవారుజామున, ఒక వారం మధ్యాహ్నం. అంచేత పిల్లలిద్దరూ నా చేతుల్లోనే పెరిగారు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. నడుం నిటారుగా పెట్టి నడుస్తుంది, ఏ పనైనా చూపించింది చూపించినట్టు చేస్తేగానీ దానికి నిద్రపట్టదు, అందుకే దాన్ని దొరసాని అంటాం. చిన్నదానికి ఐదు. గుండ్రంగా ఉంటుంది, ఎక్కడ కూర్చోబెడితే అక్కడి నుంచి దొర్లిపోతుంది, కాబట్టి బఠాణీ. ఇద్దరూ నాకు చెరో పక్కా పడుకునేవాళ్ళు. బఠాణీ అప్పుడప్పుడూ పక్క తడిపేది. తడిపిన సంగతి వాళ్ళమ్మకి కూడా తెలియకుండా తెల్లారేసరికి దుప్పటి మార్చేసి, ఉతికి, ఆరేసి లాండ్రీకి వెళ్ళిపోయేదాన్ని. ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు లేరని కాస్త పొగరు కూడా ఉండేది.

తోడికోడలికి ఊరికి ఆ చివరనున్న స్టేషన్‌కి బదిలీ అయింది. అక్కడికి దగ్గర్లోనే రెండు గదుల ఇల్లు చూశామని మరిది భోజనాల దగ్గర చెప్పాడు. పిల్లల బడి కూడా మారుతుందట. వచ్చే నెలలో వెళతాం వదినా, అన్నాడు. నేను పెరుగు వడ్డిస్తూ, ఇంకా ఏమన్నా అంటాడేమోనని గరిటె పట్టుకుని నిలబడ్డాను. మంచినీళ్ళు తాగి లేచిపోయాడు.

నన్ను కూడా రమ్మంటారనుకున్నాను. అదొక్కటే నాకు కావలసింది, దాచడమెందుకు. ఆ నెల రోజులూ ఎవరు నోరు తెరిచినా ఆ మాటే వస్తుందనుకుని చేతిలో పని ఆపేదాన్ని. అక్కా, ఉప్పు ఎక్కడుంది అని తోడికోడలు అడిగేది. వదినా, నా చొక్కా చూశావా అని అడిగేవాడు. నోరు విప్పి నేనే అడగొచ్చుగా అంటారు మీరు. అడగలేను. పిలిస్తే వచ్చిన మనిషి వేరు, అడిగి చేరిన మనిషి వేరు. అడిగి చేరితే రేపు పొద్దున గట్టిగా దగ్గాలన్నా ఆలోచించాలి.

సామాను సర్దడం మొదలయ్యాక తోడికోడలు నా దగ్గరికొచ్చింది. కొత్త ఇంట్లో పిల్లల గదికి ఇనప చట్రంతో రెండంతస్తుల మంచం కొన్నారు, పైన దొరసాని, కింద బఠాణీ. దానికి పక్కబట్టలు కావాలి.

"నాకు డ్యూటీలు, ఆయనకి లిఫ్టులు," అంది. "ఎవరూ వెనకాలపడి చూసుకోనక్కర్లేనివి నువ్వే ఎంచిపెట్టక్కా. ఉతికితే ఇట్టే ఆరిపోవాలి, ఇస్త్రీ అక్కర్లేకుండా ఉండాలి, పిల్లలే వేసుకోగలగాలి."

ఎవరూ అక్కర్లేనివి. ఆ ఎవరూ అన్నది నేనేనని నాకు అర్థమైంది. తొమ్మిదేళ్ళుగా నా రెండు చేతులూ చేసిన పనిని ఏదో కొట్లో గుడ్డముక్క చేసేస్తుందట, ఆ గుడ్డముక్కని వెతికిపెట్టాల్సింది కూడా నేనేనట. పైకి మాత్రం దానికేం భాగ్యం అన్నాను.

కొలతల కోసం ఒక్కదాన్నే కొత్త ఇంటికి వెళ్ళాను. మంచాన్ని గది మూలకి నెట్టారు. తలవైపు ఒక గోడ, పక్కన ఇంకో గోడ. పై పరుపుకి మూడు మూలలు ఎలాగోలా అందుతాయి. నాలుగోది రెండు గోడలూ కలిసేచోట ఉంది. దాన్ని అందుకోవాలంటే నిచ్చెనెక్కి, పరుపు మీద బోర్లా పడుకుని, చెయ్యి గోడకీ ఇనప చట్రానికీ మధ్య దూర్చాలి. పరుపు పొడవూ వెడల్పూ మందమూ రాసుకున్నాను. రాసుకున్నాక, ఎవరూ చూడటం లేదు కదా అని, మంచానికీ కిటికీకీ మధ్యనున్న నేల కూడా కొలిచాను. ఒక మడత మంచం పట్టి ఇంకా జానెడు మిగులుతుంది. టేపు చుట్టి సంచీలో వేసుకుని బయటపడ్డాను.

పక్కబట్టల కొట్టుకి నేనూ తోడికోడలూ వెళ్ళాం. బల్ల వెనక మనిషి బక్కగా, మాటకారిగా ఉన్నాడు. రెండంతస్తుల మంచానికి అనగానే కుందేలులా లోపలికి దూరి నాలుగు రకాలు మోసుకొచ్చాడు. చుట్టూ ఎలాస్టిక్ ఉన్న దుప్పటి, సగం నూలు సగం పాలిస్టరు, ముదురు రంగు గళ్ళు. పైన మెత్తటి గుడ్డా అడుగున నీళ్ళు దిగని పొరా ఉన్న పరుపు తొడుగు. మెషీన్‌లో పట్టే పల్చటి రజాయి. పై మంచం మీద పిల్లలే సర్దుకోవాలంటే ఇంతకన్నా సుఖమైంది లేదమ్మా, మా ఇంట్లోనూ ఇవే, అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ బట్ట వేళ్ళ మధ్య నలిపి చూడగానే నాకు తెలిసిపోయింది. పిండితే నీరు నిలవదు, మరక పడినా గళ్ళలో కలిసిపోతుంది, నాలుగో మూలకి చెయ్యి దూర్చాల్సిన పనే లేదు, అలా తగిలిస్తే అదే పట్టుకుంటుంది. ఇది కొంటే ఆ ఇంట్లో నాకు ఇక పనే ఉండదు. పని లేనప్పుడు పిలుపు మాత్రం ఎందుకొస్తుంది?

అప్పుడు నా నోరు మొదలైంది. ఎలాస్టిక్ దుప్పట్ల గుట్టంతా విప్పాను. ఇరవై రెండేళ్ళ అనుభవం కదా, తడుముకోవాల్సిన పని లేదు. రెండు నెలల్లో సాగుతుందన్నాను, ఎండాకాలం ఒళ్ళు ఉక్కిరిబిక్కిరవుతుందన్నాను, నీళ్ళు దిగని పొర చప్పుడు చేసి పిల్లల్ని నిద్రపోనివ్వదన్నాను. పాపం కొట్టతను ఏదో అనబోతే, ఏమయ్యా, నువ్వు అమ్మేవాడివా ఉతికేవాడివా అని గాలి తీసేశాను. చివరికి నేను ఎంచినవేమిటంటే, దళసరి నూలు తెల్ల దుప్పట్లు, పెద్దవి, ఎలాస్టిక్ లేనివి, మూలమూలకీ ఒడుపుగా మడిచి పరుపు కిందికి దోపితేగానీ నిలవనివి. తడిస్తే రెండు రోజులు ఆరవు. గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యకపోతే ముడతలు పడతాయి. పైన కప్పుకోవడానికి బరువైన రజాయిలు, వాటికి పన్నెండేసి ముళ్ళు వేసే తొడుగులు.

తోడికోడలు ఒకసారి ఆ గళ్ళ దుప్పటి వైపు చూసింది. "దుప్పట్ల సంగతి నీకు తెలిసినంత మాకేం తెలుసక్కా, నువ్వెలా అంటే అలాగే," అంది. మూట కట్టించాం. తప్పు చేస్తున్నానని తెలియక కాదు. వారం తిరిగేసరికి చేతకాక, అక్కా ఒకసారి రా అని ఫోన్ చేస్తారు, ఒకసారి కాస్తా రెండుసార్లవుతుంది, ఇంత దూరం తిరగడమెందుకు ఇక్కడే ఉండిపో అంటారు. అదీ నా లెక్క. పిల్లల్ని చేరడానికి చేశాను, పిల్లలకి కీడు చెయ్యడానికి కాదని సర్దిచెప్పుకున్నాను.

ఇల్లు మారిన రోజు మధ్యాహ్నం పక్కలు నేనే వేశాను. పై మంచమెక్కి బోర్లా పడుకుని, నాలుగో మూల ఎలా మడవాలో, కవరు అంటించినట్టు ఎలా దోపాలో పిల్లలకి చూపించాను. దొరసాని నిచ్చెన మీద నిలబడి కళ్ళార్పకుండా చూసింది, రెండుసార్లు మళ్ళీ చూపించమంది. బఠాణీ చప్పట్లు కొట్టింది. చేతకాకపోతే ఫోన్ చెయ్యండే, రెక్కలు కట్టుకుని వాలతాను అని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పమంటే, గడవలేదు అంతే. లాండ్రీలో ఉన్నంతసేపూ ఆవిరి మోతలో ఏమీ తెలిసేది కాదు. ఇంటికొచ్చి తాళం తీస్తే మాత్రం పొద్దున నేను వదిలిన గ్లాసు వదిలినచోటే ఉండేది. దాన్ని కదిపేవాళ్ళు లేరు. ఐదుగురికి వండిన చేత్తో ఒక్కదానికి వండటం రాక ఎప్పుడూ ఎక్కువయ్యేది, రెండు పూటలూ అదే తినేదాన్ని. మంచం మీద నడి మధ్యన పడుకోవడం అలవాటు. ఇప్పుడు అటూ ఇటూ చోటు ఖాళీగా ఉన్నా పక్కకి జరగలేకపోయేదాన్ని. మనిషి తిండి లేకపోయినా ఉండగలడేమోగానీ, పలకరించేవాళ్ళు లేకపోతే పిచ్చెక్కుతుంది. ఒకరోజు నన్ను నేనే గట్టిగా తిట్టుకుంటూ నాకే దొరికిపోయాను.

ఫోన్ మాత్రం కళ్ళ ముందే పెట్టుకునేదాన్ని. రెండో వారం ఒకసారి మోగింది. తోడికోడలే. గంజి పొడి బకెట్‌కి ఎన్ని చెంచాలు వెయ్యాలక్కా అని అడిగింది. చెప్పాను. పక్కలు ఎలా ఉన్నాయి, కుదురుతున్నాయా అన్నాను. చాలా శుభ్రంగా ఉంటున్నాయక్కా, నువ్వు వేసినట్టే ఉంటున్నాయి, నువ్వేం బెంగపెట్టుకోకు అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తెల్ల దుప్పట్లు నేను వేసినట్టే ఎవరు వేస్తున్నట్టు? ఇంకెవర్నయినా పనిమనిషిని పెట్టుకున్నారా? ఆ వారమంతా ఆ ముక్కూ మొహం తెలియని మనిషిని ఆడిపోసుకున్నాను.

మూడో వారం ఇక ఆగలేకపోయాను. నా సెలవు రోజున తోడికోడలికి తెల్లవారుజాము డ్యూటీ అని లెక్కేసుకుని, మొదటి బస్సెక్కి, రెండో బస్సు మారి, పిల్లలు బడికి తయారయ్యే వేళకి వెళ్ళి తలుపు కొట్టాను. మరిది నిద్రకళ్ళతో తీశాడు. రాత్రంతా ఎక్కడో లిఫ్టు దగ్గరే ఉన్నాడట. నన్ను చూసి మొహం వెలిగింది. రా వదినా అని, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. నేను తిన్నగా పిల్లల గదిలోకి నడిచాను.

ముందు పై మంచం చూశాను. ఒక్క ముడత లేదు. నాలుగో మూల కూడా కవరు అంటించినట్టే ఉంది. నా చెయ్యి చేసిన పనేనని ఎవరైనా ప్రమాణం చేస్తారు. కింది మంచం మీద మాత్రం పరుపు ఉట్టిది, మధ్యలో తడి మచ్చ. బఠాణీ నేల మీద కూర్చుని జోళ్ళు తొడుక్కుంటోంది. నన్ను చూసి ఒళ్ళోకి ఎక్కి, అక్క బాత్‌రూమ్‌లో ఉంది, నువ్వు చూడకూడదట అని గుసగుసగా చెప్పింది.

తలుపు తోశాను. దొరసాని బకెట్ ముందు గొంతుక్కూర్చుని ఉంది. లోపల ఆ దళసరి తెల్ల దుప్పటి. తడిస్తే అది ఎంత బరువుంటుందో నాకు తెలుసు, మా బల్ల దగ్గర ఇద్దరం కలిసి ఎత్తుతాం. దాన్ని రెండు చేతులా పైకి లాగి పిండబోతోంది. పిండటం దాని వల్ల కావడం లేదు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. సబ్బు నీళ్ళు తగిలి మండుతోందేమో, మధ్యమధ్యలో చేతులు గాల్లో విదిలిస్తోంది.

"ఏం జరిగిందే ఆ వేళ్ళకి?" అన్నాను.

"గోడకీ ఇనపదానికీ మధ్య దూరుస్తుంటే గీరుకుంటాయి పెద్దమ్మా. రోజూ కాదులే." ఇంకా దుప్పటి వదల్లేదు. "అమ్మ వేస్తే ఆ మూల ఊడిపోతోంది. నువ్వు చూపించావుగా, నేనైతే ఊడకుండా వేస్తాను. ఐదింటికి లేస్తే సరిపోతుంది, అమ్మ వెళ్ళిపోయాకో, ఇంకా లేవకముందో. బఠాణీ తడిపిన రోజైతే ఇంకాస్త ముందు."

"మరి నాకు ఫోన్ చెయ్యొచ్చుగా?"

"చేస్తానన్నాను. అమ్మే వద్దంది. పెద్దమ్మ మనకోసం ఇన్నేళ్ళు నడుం విరగ్గొట్టుకుంది, ఇప్పుడైనా సుఖంగా ఉండనిద్దాం అంది."

నేను ఆ తడి నేల మీద దాని పక్కనే కూర్చున్నాను. వారం రోజులుగా నేను తిట్టిపోసిన పనిమనిషి తొమ్మిదేళ్ళ పిల్ల. నేను పన్నిన ఉచ్చులో పెద్దవాళ్ళెవరూ పడలేదు, ఇదొక్కటే పడింది, అది కూడా నేను చూపించింది చూపించినట్టు చెయ్యాలని. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. పిల్ల భయపడుతుందని ఊరుకుని, బకెట్ నా వైపు లాక్కున్నాను. జడ వేస్తుంటే దాని పుస్తకాల సంచీలో టీచరు రాసిన కాగితం కనిపించింది. రెండో పీరియడ్‌కే నిద్రపోతోంది, తల్లిదండ్రులు గమనించగలరు అని ఉంది. అమ్మకి చూపించావా అంటే తల అడ్డంగా ఊపింది. అమ్మకే బోలెడు పనులు, నేను పెద్దదాన్నయ్యానుగా అంది.

పిల్లల్ని బడిలో దింపి నేరుగా ఆ కొట్టుకే వెళ్ళాను. బల్ల వెనక బక్క మనిషి నన్ను గుర్తుపట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇవాళ ఎవర్ని తిడతారమ్మా అన్నాడు. ఇవాళ నా వంతు, నువ్వు దుప్పట్లు తియ్యి అన్నాను.

ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎంచాను. ఎలాస్టిక్ మూలల్లో మాత్రమే కుట్టినవి పక్కన పడేశాను, చుట్టూ ఉన్నవే తీయించాను. పరుపు మందానికి తగ్గ లోతుందో లేదో టేపు పెట్టి చూశాను, లోతు చాలకపోతే పిల్ల దొర్లగానే ఊడొస్తుంది. కుట్టు లాగి చూశాను. పిండినప్పుడు చిన్నచేతులకి బరువవకుండా పల్చటి మిశ్రమం బట్ట, ముదురు నీలం గళ్ళు. నీళ్ళు దిగని తొడుగుని చెవి దగ్గర పెట్టుకుని నలిపాను. ఏ చప్పుడూ చెయ్యలేదు. ఆ రోజు నేను చెప్పింది పచ్చి అబద్ధమని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కింది మంచానికి మూడు జతలు, తడిస్తే ఒకటి ఆరేలోపు ఇంకొకటి ఉండాలని. పై మంచానికి రెండు. రజాయిలు తేలికవి, ఎందుకంటే పై మంచం మీద దళసరి రజాయి ఒంటి కిందికి చేరి ఎత్తు పెరిగితే, పడిపోకుండా అడ్డంగా పెట్టిన కమ్మీ పిల్లని ఆపదు. ఈ చివరి సంగతి మొదటిసారి కొన్నప్పుడూ నాకు తెలుసు. తెలిసే బరువైనవి కొన్నాను.

మరిది మళ్ళీ ఏదో లిఫ్టు పిలుపు మీద వెళ్ళిపోయాడు. సాయంత్రం పిల్లలొచ్చేసరికి తెల్లవన్నీ మూటకట్టి గుమ్మం దగ్గర పెట్టాను. దొరసానికి కొత్త దుప్పటి ఇచ్చి, ముందు ఆ దూరపు మూల తగిలించు, తర్వాత మిగతా మూడూ అని ఒక్కసారి చెప్పాను. బఠాణీ కింద నిలబడి ఒకటీ రెండూ అంటూ లెక్కపెట్టింది. అది నలభైకి వచ్చేలోపు పై పక్క తయారైంది. దొరసాని మళ్ళీ తీసేసి మళ్ళీ వేసింది. మూడోసారి వేసేటప్పుడు నవ్వుతూ వేసింది. ఈ మూడు వారాల్లో అది నవ్వడం మర్చిపోయిందేమోనని నాకు అప్పుడు తోచింది.

తోడికోడలు స్టేషన్ నుంచి కూరల సంచీతో వచ్చింది. నన్ను చూసి సంబరపడింది, మూట చూసి ఆశ్చర్యపోయింది. వంటింట్లోకి రమ్మని తలుపు దగ్గరికి వేసి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఎలాస్టిక్ మీద చెప్పినవి సగం అబద్ధాలనీ, కష్టమైనవి కావాలనే ఎంచాననీ, చేతకాక నన్ను పిలుస్తారనీ, పిలిస్తే ఉండిపోదామనీ అనుకున్నానన్నాను. కిటికీ పక్కన నేల కొలిచిన సంగతి కూడా చెప్పాను. పిల్ల చేతులు చూడమన్నాను. టీచరు కాగితం ఆమె చేతిలో పెట్టాను.

ఆమె కాగితం చదివింది. తలుపు తీసుకుని వెళ్ళి, దొరసాని చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. తిరిగొచ్చాక చాలాసేపు సంచీలోంచి కూరగాయలు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెడుతూ ఉండిపోయింది.

"ఆ చోటు ఆయన కూడా కొలిచారక్కా," అంది చివరికి. "మడత మంచం చూసి కూడా వచ్చాం. కానీ ఇల్లు మారగానే నిన్ను రమ్మంటే చాకిరీ కోసం పిలిచామనుకుంటావని నోరు రాలేదు. ముందు మా పనులు మేం చేసుకోవడం అలవాటవ్వాలి, ఆ తర్వాత ఊరికే మాతో ఉండటానికి రా అని పిలవాలనుకున్నాం. అందుకే తేలిగ్గా ఉండేవి ఎంచమన్నాను."

తప్పయిపోయింది అమ్మాయీ అన్నాను. ఇన్నేళ్ళలో ఆమెతో ఆ మాట అనడం అదే మొదలు.

ఆమె నా వైపు చూడలేదు. కళ్ళు తుడుచుకుని, "ఇవాళ్టికి వెళ్ళక్కా," అంది. "నేను కాస్త ఆలోచించుకోవాలి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని, నాలుగు మాటలు అనుకుని ఇద్దరం ఏడ్చి ఊరుకునేవాళ్ళం. సంచీ తీసుకుని బయటికొచ్చాను. తెల్ల దుప్పట్ల మూట చంకలో పెట్టుకున్నాను. అలికిడి విని దొరసాని పై మంచం మీంచి తల బయటికి పెట్టింది. పక్క చూపించింది. గళ్ళ దుప్పటి పరుపుకి చక్కగా అతుక్కుని ఉంది.

"పెద్దమ్మా, నాకు వచ్చేసింది," అంది. మొహమంతా నవ్వే. "ఇంక నువ్వు ఇంత దూరం రానక్కర్లేదు."

"అక్కర్లేదమ్మా," అని చెప్పి, చెప్పులేసుకుని మెట్లు దిగాను.